ఒక డాలరున్నూ, తదితర ప్రతిఫలమున్నూ

సొంత విమానమును అమ్మదలచిన గృహస్థు మొట్టమొదట దానిని కడిగించును; ఆ పిమ్మట దానికి ధర కట్టును. మొదటి కార్యముతో విమానమునకు పట్టిన మురికి వదలును. రెండవ కార్యముతో యజమానునియందు అంతవరకు నిలిచియుండిన వివేకము వదలును. ఈ మాట నేను విమానములు కొని యమ్మిన యనుభవముమీద చెప్పుచున్నది కాదు. నా జన్మమున నేను అమ్మజూచిన వాహనము ఒక సైకిలు మాత్రమే. దానినైనను నే నడిగిన వెలకు ఎవ్వరును కొనకపోగా, తుదకు మా పాలవానికి పాలబాకీ క్రింద జమకట్టితిని. అయినను ఒహాయో రాష్ట్రములోని ఒక చిన్న పట్టణమున, మా అక్కగారి యింట, ఆరేసి నెలల వీసాలపై 2022లో నొకసారియు 2024లో నొకసారియు బసచేసి, మా బావగారు తమ విమానమును అమ్ముటకు పడిన పాట్లను కాఫీకప్పు దూరమునుండి చూచినవాడను గనుక, ఈ విషయమున నోరు విప్పుటకు నాకు కొంత యధికారము కలదని నమ్ముచున్నాను.

మా బావగారు వృత్తిచేత మత్తుమందు వైద్యులు. ఇతరులకు మత్తిచ్చుటలో ముప్పదియేండ్ల యనుభవము గలవారు; తమకు తామే ఇచ్చుకొనుట మాత్రము ఆ విమానమునకు ప్రకటన వ్రాసిన రాత్రియే నేను చూచితిని. విమానము 1978లో తయారైన సెస్నా 172. నలుగురు కూర్చుండుటకు చోటు, నెత్తిమీద రెక్కలు, ముక్కున ఒక్క పంకా, పొట్టక్రింద మూడు చక్రములు. ఎండలో నిలిపినచో తూనీగవలె ముద్దుగా నుండును. 1956లో అంగడికి వచ్చినది మొదలు ఈ జాతివిమానములు నలుబదినాలుగు వేలకు పైగా పుట్టినవి. ప్రమాదపు దావాల భారము మోయలేక కంపెనీవారు 1986లో వీని తయారీ మానుకొనిరి. పదునెనిమిదేండ్లు దాటిన చిన్నవిమానములపై తయారుచేసినవారిమీద దావా చెల్లదని 1994లో చట్టము వచ్చిన పిదపనే మరల 1996లో మొదలుపెట్టిరి. నడుమ వచ్చిన ఆ కరువుచేత, నేటికిని ఆ దేశమున చేతులు మారుచున్న చిన్నవిమానములలో పెక్కు తమ పైలట్లకంటె వయసున పెద్దవి. మన దేశమున ఆ యీడు అంబాసిడరు కారు దొరికినచో సినిమావారికి అద్దెకిత్తుము. అచ్చట దానియందు ఆలుబిడ్డలను కూర్చుండబెట్టుకొని ఆకాశమునకు పోవుదురు. ఇందు తప్పు పట్టుటకేమియు లేదు. పండ్రెండు నెలలకొకమారు అర్హుడైన మెకానిక్కు దాని మూతలన్నియు విప్పి పరీక్షించి సంతకము చేయనిదే అది నేల విడువరాదని అచ్చటి శాసనము. యంత్రము పాతదైనను నిజాయితీ గలది. అబద్ధమంతయు దాని మెడలో కట్టిన ధరచీటీయందే యుండును.

ఆ చీటీ వ్రాసిన రాత్రి నాకు బాగుగ జ్ఞాపకమున్నది. ఏప్రిలు మాసము, భోజనములైనవి, బావగారు బల్లమీద కాగితములు పరచుకొని, "ఏమోయ్, లెక్కల్లో గట్టివాడివి కదా, కాస్త రాసుకో" అనిరి. వ్రాసుకొంటిని. 2004లో కొన్న వెల 48,000 డాలర్లు. రంగు వేయించినది 11,000. 2008లో క్రొత్త రేడియోలును, దారిచూపు జీపీఎస్ పెట్టెయు బిగించినందుకు 30,000. పెద్ద విమానాశ్రయముల చుట్టుపట్ల తిరుగు ప్రతి విమానమును తా నెచ్చట నున్నదో తానే నిమిషనిమిషము చాటుకొనుచుండవలెనని 2020 జనవరి 1 నుండి ప్రభుత్వమువారు విధించినందున, ఆ చాటింపు పరికరమునకు 5,000. తోలుసీట్లకు 4,000. మొత్తము 98,000.

"ఇప్పుడు అన్నిటి ధరలూ పెరిగాయిగా, ఒక నలభై వెయ్యి."

వేసితిని.

"వచ్చినవాడు తగ్గించమంటాడు. తగ్గించడానికి మన దగ్గర ఏదన్నా ఉండాలిగా? ఇంకో ఇరవైయొకటి వెయ్యి."

"ఇరవై కాకుండా ఇరవైయొకటి ఏమిటి బావగారూ?"

"లక్షా యాభైతొమ్మిది అంటే, అరవై కాదు కదా అని కొనేవాడికి తృప్తిగా ఉంటుందోయ్."

పరుల తృప్తికై అంతగా పాటుపడు వైద్యుని నేను మరల చూడలేదు. వంటయింట గిన్నెలు సర్దుచున్న మా అక్కగారు తల యెత్తకయే, "ఎవరన్నా వచ్చి పట్టుకుపోతామంటే నేను కాఫీ ఇచ్చి మరీ పంపిస్తాను" అనిరి. ఇరువదియారు నెలల పిమ్మట తేలినదేమనగా, ఆ రాత్రి ఆ యింట పలికిన ధరలలోనెల్ల వాస్తవమునకు దాపుగా నున్నది ఆ కాఫీధరయే.

ఈ లెక్క నాకు క్రొత్తది కాదు. మా బాల్యమున పెండ్లిచూపులనాడు వరుని తండ్రి చాపమీద కూర్చుండి చెప్పిన లెక్క ఇదియే: హైస్కూలు ఫీజు ఇంత, కాకినాడ హాస్టలు మెస్సుబిల్లు ఇంత, రెండుమార్లు పరీక్ష తప్పినందుకు మరల కట్టిన ఫీజు ఇంత, వెరసి కట్నము ఇంత. కుర్రవానియందేమున్నదని కన్యాదాత అడుగడు. వానిమీద ఎంత పెట్టితిమో తండ్రి చెప్పును. బావగారి లెక్కలో 2008 నాటి జీపీఎస్ పెట్టె ఆ రెండుమార్లు తప్పిన పరీక్షవంటిది. కొన్ననాడు అది విమానముయొక్క కన్ను. నేడు దానికి మరమ్మతు చేయువాడు దొరకుటయే దుర్లభము. దానికన్న నాలుగింతలు తెలిసిన పలకను ఇప్పటి కుర్రపైలట్లు తొడకు కట్టుకొని తిరుగుచున్నారు. క్రొత్తగా బిగించిన పరికరములకే, మరునాడు అమ్మబోయినను, పెట్టినదానిలో సగము వచ్చినచో అదృష్టమని ఆ వర్తకమున నున్నవారు చెప్పుదురు. బావగారు పదునాలుగేండ్ల తరువాత మొత్తమునకు మొత్తము అడిగి, పైపెచ్చు ధరలు పెరిగినవని వడ్డికూడ కట్టిరి.

"నువ్వు అనుకుంటున్నట్టు నేను ఊహించి చెప్పడం లేదు, చూడు" అని బావగారు ఆధారములు చూపిరి. 1937 నుండి టెనెసీ రాష్ట్రములోని క్రాస్‌విల్ పట్టణమునుండి పసుపుపచ్చ కాగితముపై వెలువడుచున్న ట్రేడ్ ఎ ప్లేన్ అను ప్రకటనల పత్రిక యొకటి కలదు. దానియందును, అటువంటి యితర తావులయందును వెదకి, తమ విమానమునకు జోడైన సెస్నాలకు ఎవరెవరు ఎంతెంత అడుగుచున్నారో వరుసగా వ్రాసి యుంచిరి. ఒకడు 1,52,000. ఒకడు 1,65,000. వీరందరు అడుగుచున్నారు సరే, వీరిలో అమ్మినవా డెవడని నేను ప్రశ్నించితిని. బావగారు నావంక జాలిగా చూచి, "అమ్మేసినవాడు ప్రకటన ఎందుకు ఉంచుతాడోయ్?" అనిరి.

తా మెంతటి మాట యనిరో ఆ క్షణమున వారికి తట్టలేదు. సరియైన ధర చెప్పినవాని విమానము వారములోనే పోవును. వాని ప్రకటన వానితోనే పోవును. అధికముగా చెప్పినవాని ప్రకటనయే ఋతువులు మారినను అట్లే నిలిచియుండి, తరువాత వచ్చు విక్రేతలకు ప్రమాణగ్రంథమగును. అనగా అంగడిలో మనకు కనబడు ధరలన్నియు అమ్ముడుపోని ధరలే. ఒకని పేరాశను చూచి మరియొకడు తన పేరాశను దిద్దుకొనును. బావగారి జాబితాలోని 1,65,000 వాడును ఇట్టిదే మరియొక జాబితా చూచి వ్రాసియుండును. ఇట్లు ఒకరి భుజముపై నొకరెక్కి, కడపటివాడు మేఘములను ముట్టుచుండగా, విమానములు మాత్రము నేలపైనే యున్నవి.

అమ్ముడుపోయిన ధర తెలిసికొందమన్నచో అదియు సులభము కాదు. మన రాష్ట్రములలో స్థలము కొన్నవాడు రిజిస్ట్రారు కచేరిలో వ్రాయించు వెల యొకటి, సంచిలో తెచ్చి యిచ్చు వెల యొకటి యని లోకమెరిగినదే; స్టాంపు ఖర్చుకు జడిసి చేయు ఈ కళయందు మనవారే ఘనులని నేను చిరకాలము గర్వపడితిని. అమెరికావారి విమానవిక్రయ పత్రమును చూచిన పిదప నా గర్వము కొంత తగ్గినది. ఓక్లహోమా సిటీలోని ప్రభుత్వ కచేరికి పంపవలసిన ఆ యొంటికాగితపు పత్రమున వెల వ్రాయవలసిన చోట, అచ్చటివారు ఆచారముగా "ఒక డాలరున్నూ, తదితర విలువగల ప్రతిఫలమున్నూ" అని వ్రాయుదురు. అది చట్టమునకు చెల్లును. కచేరివారు మారుమాట లేక నమోదుచేయుదురు. లక్షల విలువగల విమానములు ఒక్కొక్క డాలరునకు చేతులు మారినట్లు వ్రాసియున్న ఆ భాండాగారమునందు, నిజమైన ధర తెలిపెడి కాగితము వెదకుట గాలిని మూటగట్టుటవంటిదే. బ్లూ బుక్కు, వీరెఫ్ మున్నగు ధరల పట్టికలు లేకపోలేదు. అవి చాలమట్టుకు బుద్ధిగలవి. కాని పట్టిక తనకన్న తక్కువ చెప్పినచో అమ్మువాడు "పుస్తకం రాసినవాడికి నా విమానం సంగతి ఏం తెలుసు?" అనును, ఎక్కువ చెప్పినచో ఆ పుటను అద్దము కట్టించును.

ఇక ప్రకటన భాష. ఇదియొక ప్రత్యేక సాహిత్యము. దీనికి అలంకారశాస్త్రము వ్రాయువాడు ఇంకను పుట్టవలసియున్నది. "ఎల్లప్పుడు హ్యాంగరులోనే" అని యుండును. అనగా ఎగురలేదని యర్థము. "నష్టచరిత్ర లేదు" అని యుండును. అనగా అమ్మువానికి తెలిసిన చరిత్రలో లేదని యర్థము. "ఇంజను బంగారము" అని యుండును. బంగారమువలెనే బీరువాలో పెట్టి యుంచిరని గ్రహించవలెను. "ఊరక చూచిపోవువారు రావలదు" అని బావగారు పెద్ద యక్షరములతో వ్రాసిరి. ఆ ధరకు వచ్చువాడు ఊరక చూచిపోవుట తప్ప మరేమి చేయగలడో మాత్రము వ్రాయలేదు. ఛాయాచిత్రము సంధ్యాసమయమున, దూరమునుండి, ఎర్రని మబ్బులు వెనుక నుండగా తీయబడినది. నీళ్ళలో బర్రెను పెట్టి బేరమాడినట్లనెడి సామెత మనవారు పశువులనుద్దేశించి చెప్పిరి గాని, దానిని ఆకాశమునకు పెంచినవారు వీరు. అన్నిటికి కిరీటమువలె కడపట నొక వాక్యము: "అమ్మువారికి తొందర లేదు."

తొందర లేదు! నిజమే, వారికి లేదు. ఇంజనునకు కలదు.

ఈ సంగతి కొంచెము విప్పి చెప్పవలెను, ఏలయన ధరయొక్క గుట్టంతయు ఇచ్చటనే యున్నది. ఆ విమానమునందున్నది నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజను. రెండువేల గంటలు తిరిగిన పిమ్మటనో, పండ్రెండేండ్లు గడచిన పిమ్మటనో, ఏది ముందు వచ్చిన దానినిబట్టి దానిని పూర్తిగా విప్పి ఓవర్‌హాలు చేయవలెనని తయారుచేసినవారి మాట. సొంతమునకు వాడుకొనువానికి అది నిర్బంధము కాదు, హితవు మాత్రమే. హితవును మనుష్యులు ఎట్లు పాటింతురో వైద్యులైన బావగారికి వేరుగ చెప్పనక్కరలేదు. వారి ఇంజను 1999లో ఓవర్‌హాలైనది. ప్రకటననాటికి 1,860 గంటలు తిరిగినది. "ఇంకా నూటనలభై గంటలుంది" అని బావగారు. నూటనలుబది గంటలలో ముప్పదివేల డాలర్లకు పైబడిన ఖర్చు కాచుకొనియున్నదని కొనువాడు. ఒకే గిన్నెలోని అడుగుబొడుగును ఒకడు అన్నమనుచున్నాడు, ఒకడు మాడు అనుచున్నాడు. ఇంతలో మరియొక విశేషము: ఈ జాతి ఇంజనులో వాల్వులను ఎత్తెడి క్యాముకడ్డీ పైభాగమున నుండును. రోజును తిరుగుచుండిన ఇంజనులో చమురు చిమ్మి అది తడిసియుండును. వారములకొలది కదలక నిలిచినచో పైనున్న చమురంతయు క్రిందికి జారి, తేమగాలి సోకి, ఆ కడ్డీ నున్నని యుబ్బులమీద తుప్పు పొక్కులు లేచును. మరల తిప్పినప్పుడు ఆ పొక్కులే ఆకురాయియై తమను తామే అరగదీసికొనును. ధర దిగువరకు హ్యాంగరులో నుంచెదనని అమ్మువాడు బిగిసి కూర్చుండగా, లోపల ఇంజను తన ధరను తానే నిశ్శబ్దముగా తగ్గించుకొనుచుండును.

ప్రకటన వెలువడిన మూడవ వారమున ఒక పడుచువాడు వచ్చెను. పిల్లలకు విమానము నేర్పు ఉపాధ్యాయుడట. కరోనా పిదప అమెరికాలో చిన్నవిమానములకు గిరాకి పెరిగియున్న దినములవి. అతడు వినయముగా అన్నియు చూచి, "ఇంజను మార్పించవలసివచ్చును గనుక, 1,05,000 డాలర్లు ఇచ్చెదను, రొక్కము" అనెను. బావగారి ముఖము చూడవలసినది. అతడు పోయినతరువాత అరగంటసేపు పచారుచేసి, "వాడు నన్ను అవమానించడానికే వచ్చాడోయ్" అనిరి. లక్షాయైదువేల డాలర్లతో అవమానింపబడు భాగ్యము నాకు కలుగలేదు గనుక, ఆ బాధను నేను సరిగా అంచనా వేయలేకపోతిని.

మా బావగారి నొక్కరినే ఆడిపోసికొనుట న్యాయము కాదు. ఈ రోగమునకు పెద్ద పెద్ద పీఠములవారే లోబడిరి. విజయ్ మాల్యా తిరిగిన ఎయిర్‌బస్ 319 విమానము సేవాపన్ను బకాయిల క్రింద జప్తయి ముంబయి విమానాశ్రయమున ఏండ్లతరబడి పడియుండెను గదా. 2016లో దానిని వేలమునకు పెట్టిన శాఖవారు, 152 కోట్ల రూపాయలకు తక్కువైనచో ఇయ్యమని పట్టుపట్టిరి. ఒక్కడంటే ఒక్కడు పాటపాడెను: ఒక కోటి తొమ్మిది లక్షలు. చెప్పినదానికిని పాడినదానికిని నడుమ సుమారు నూటనలుబది రెట్లు. కొనువాని వెటకారమెక్కువయో, అమ్మువారి స్వప్న మెక్కువయో తేల్చుట కష్టము. విమానాశ్రయమువారు మాత్రము, చోటంతయు ఆక్రమించుకొని కూర్చున్నదని న్యాయస్థానమునకు మొరపెట్టుకొనిరి. మరల మరల వేలములు జరిగి, కడకు 2018లో 34 కోట్ల 80 లక్షలకు అది పోయినది. ఇందొక సూక్ష్మము కలదు: ఆ 152 కోట్లు కట్టినవారికి ఆ విమానముపై ప్రేమ లేదు, దానిలో తిరిగిన జ్ఞాపకము లేదు, తోలుసీట్లకు వారు దమ్మిడీ పెట్టలేదు. అయినను రోగము సోకినది. రావలసిన బాకీ యెంతయో చూచి ధర కట్టుటయు, పెట్టిన ఖర్చెంతయో చూచి ధర కట్టుటయు ఒకే తల్లి బిడ్డలు.

మెక్సికో దేశాధ్యక్షుని బోయింగ్ 787 కథ ఇంతకన్న రసవత్తరము. 218 మిలియను డాలర్లు పెట్టి కొన్న ఆ రాజభోగపు విమానమును, 2018లో పదవికి వచ్చిన అధ్యక్షుడు లోపెజ్ ఒబ్రడోర్ తా నెక్కనని శపథముచేసి అమ్మకమునకు పెట్టెను. కాలిఫోర్నియాలో నిలిపిరి; కొనువాడు రాలేదు. అంతట అధ్యక్షుని బుద్ధికి లాటరీ తట్టినది. ఐదువందల పెసోల టిక్కెట్టు. 2020 సెప్టెంబరు 15న డ్రా. నూరు బహుమతులు, ఒక్కొక్కటి రెండుకోట్ల పెసోలు. టిక్కెట్టుమీద విమానము బొమ్మ యున్నది. బహుమతులలో మాత్రము విమానము లేదు. ఎవరికైనను తగిలినచో పాపము దానిని ఎచ్చట కట్టివేసికొనునని దయదలచిరి కాబోలు. అమ్ముడుపోని వస్తువును అమ్మకయే దానిపేర డబ్బు పోగుచేయుట చూచి, మా యూరి చిట్టీలవాడు బ్రదికియుండినచో సాష్టాంగపడి యుండును. 2023లో తజికిస్తాను ప్రభుత్వమువారు సుమారు 92 మిలియనులకు దానిని కొనుపోయిరి.

ప్రసిద్ధుని పేరు తగిలినంతనే ధర పెరుగునను భ్రమకూడ నొకటి కలదు. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ తండ్రితో కలిసి కొన్న లాక్‌హీడ్ జెట్‌స్టార్ విమానము న్యూ మెక్సికోలోని రాస్‌వెల్ ఎడారిలో దశాబ్దములు ఎండినది. లోపల ఎర్రని మఖమలు కుర్చీలు చెక్కుచెదరక యుండినవి. వెలుపల నాలుగు ఇంజనులు ఉండవలసిన చోట ఒక్కటియు లేకపోయెను. 2017 వేలమునకు ముందు ఇరువదినుండి ముప్పదియైదు లక్షల డాలర్లు పలుకునని అంచనా వేసిరి, పలికినది 4,30,000. 2023లో మరల వేలమైనప్పుడు 2,60,000. ఇంజను లేని విమానమును విమానమను పేర అమ్మినచో మొదటివానికి నష్టము, గాయకుని పేర అమ్మినచో రెండవవానికి నష్టము.

వీరందరితో పోల్చినచో మా బావగారు మితవాదులే. ధరను 1,49,000కు దించిరి, చలికాలమున 1,39,000, మరుసటి చలికాలమున 1,29,000. దించినప్పుడెల్ల దానమిచ్చినవారివలె నిట్టూర్చిరి. ఆ 1,05,000 కుర్రవానికి ఎనిమిదవ నెలలో ఫోనుచేసి యోగక్షేమములు కనుగొనిరట. అతడు వేరొక సెస్నా కొని, పిల్లలకు నేర్పుచు, దానిపై అప్పుడే నాలుగువందల గంటలు తిరిగెనట.

నేను రెండవమారు వెళ్ళినది 2024 మే నెలలో. జూనులో ఇండియానానుండి ఒక రైతు వచ్చెను. అరువదేండ్ల వాడు, మొక్కజొన్న సేద్యము, కొన్ని గొడ్లు, పొలములోనే విమానము దిగుటకు పచ్చికబాట. అతడు నడచివచ్చుచుండగనే నాకు సంతలో ఎడ్లు కొన మా తాతగారు నడచిన నడక గుర్తుకు వచ్చినది: ఆత్రము లేదు, మెచ్చుకోలు లేదు, కన్ను మాత్రము గిట్టలనుండి కొమ్ములవరకు పోవుచున్నది. రెక్క క్రింద చేయి రాచెను. చక్రము కదిపెను. సీటు ముందునకు వెనుకకు జరిపి, దాని పట్టాలలోని రంధ్రములను వ్రేలితో తడిమెను; అరిగిన పట్టాపై సీటు జారి, ఎగురునప్పుడే పైలట్టు వెనుకకు పోయిన ప్రమాదములు ఈ జాతివిమానములలో కలవని అతని కెరుకయే. ధర అడుగనే లేదు. తాను వెంట తెచ్చిన మెకానిక్కువంక తల యూపెను.

ఆ మెకానిక్కు చేసిన పని ఎద్దు నోరు తెరచి పండ్లు లెక్కించుటకు సరిసమానము. ముక్కుమూత విప్పి, ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులోనికి ఎనుబది పౌన్ల ఒత్తిడితో గాలి యెక్కించి, అందెంత నిలుచునో గడియారముమీద చూచుచు కేకవేసెను. డెబ్బదియారు. డెబ్బదినాలుగు. డెబ్బదిమూడు. నాలుగవదానికి కేక రాలేదు. నన్ను చేసైగతో పిలిచి పొగగొట్టమువద్ద చెవి పెట్టుమనెను. ఉడుకుచున్న ఇడ్లీపాత్ర మూతనుండి ఆవిరి వచ్చినట్లు సన్నగా "సుయ్" మనుచున్నది. వాల్వు సరిగా మూతపడక గాలి జారిపోవుచున్నదట. యేబదినాలుగు. తరువాత చమురు వడపోతడబ్బాను కోసి, లోని మడతల కాగితమును వార్తాపత్రికపై పరచి, అయస్కాంతము త్రిప్పెను. సూదిమొనలవంటి ఉక్కు రవ్వలు మీసమువలె లేచి నిలిచినవి. క్యాముకడ్డీ తన్ను తాను తినుచున్నది. ఇరువదియారు నెలలలో ఆ విమానము ఎగిరినది ఆరు గంటలు.

చివరకు రైతు తన సంచినుండి ఓక్లహోమా సిటీనుండి తెప్పించిన దస్తావేజుల నకళ్ళు తీసి, అందొక కాగితమును బావగారి చేతికిచ్చెను. పెద్ద మరమ్మతులను ప్రభుత్వమునకు తెలుపు 337 నంబరు ఫారము: 1983లో గాలివానకు తలక్రిందులై, ఎడమరెక్క క్రొత్తది వేయబడినది. బావగారు నిజముగనే ఎరుగరు. ఇరువదియేండ్లు ఆ రెక్కక్రింద కూర్చుండి ఎగిరిన మనిషి, కాగితమును రెండుమార్లు చదివి, రెక్కవంక చూచి, ప్రకటనలోని "నష్టచరిత్ర లేదు" అను మాటను తలచుకొని, ఏమియు అనక దానిని మడిచి యిచ్చిరి. ఆ క్షణమున నాకు నవ్వు రాలేదని ఒప్పుకొనవలెను.

రైతు 78,000 అనెను. సంతలోనైనచో తువ్వాలుక్రింద వ్రేళ్ళు పట్టుకొని ఇంకొక గడియ సాగియుండును; ఇచ్చట సాగలేదు. వెనుక సీటులో కూర్చుండి నేను లెక్క వేసితిని. లెక్కలలో గట్టివాడనను అపవాదు నాకు కలదు గదా. హ్యాంగరు అద్దె నెలకు 300 చొప్పున 7,800. రెండేండ్ల బీమా 2,800. రెండు వార్షిక పరీక్షలు 5,000. మొత్తము 15,600. నాడు కాదన్నదానికిని నేడు వచ్చినదానికిని తేడా 27,000. రెండును కలిపి 42,600. ఎగిరిన గంటలు ఆరు. అనగా గంటకు 7,100 డాలర్లు. అంత పెట్టదలచినచో అద్దె జెట్టులో కాళ్ళు చాపుకొని తిరిగియుండవచ్చును. ఈ లెక్క నేను బావగారికి చూపలేదు. అక్కగారికి చూపితిని, ఆమె రైతునకు కాఫీ కలిపి యిచ్చిరి. విక్రయపత్రమున వెల యని యున్న గడిలో రైతే తన ముత్యములవంటి అక్షరములతో "ఒక డాలరున్నూ, తదితర విలువగల ప్రతిఫలమున్నూ" అని వ్రాసి, కలమును బావగారికి అందించెను.

సెప్టెంబరులో వినాయకచవితినాడు గుడి నేలమాళిగలోని భోజనశాలలో, పులిహోర పళ్ళెములు పట్టుకొని నిలుచుండిన డాక్టర్ల గుంపులో ఒకరు, పైపర్ చెరోకీ విమానము గల గుండెవైద్యులు, బావగారిని పలుకరించిరి.

"మీ సెస్నా అమ్మేశారటగా. ఎంతకి పోయిందండీ?"

బావగారు అప్పడము విరుచుచు, ఎటో చూచుచు, "ఆ... లక్షకి అటూ ఇటూగా పోయిందిలెండి" అనిరి. నేను పులిహోరలోని పల్లీలను లెక్కించుచుంటిని.

"ఇంజను పద్దెనిమిది వందలు దాటినదానికే లక్ష పలికిందా! మాది ఇంకా తొమ్మిది వందలే కదండీ" అని ఆ వైద్యుని కన్నులు మెరసినవి. జేబునుండి కలము తీసి, కాగితపు రుమాలొకటి పరచి, నావైపు తిరిగిరి. "మీరు లెక్కల్లో గట్టివారటగా. కాస్త రాసుకోండి, కొన్నది ముప్పైయెనిమిది..."